నూటికి ముగ్గురే పాసయ్యే బడి

ఆ ఏడాదిని ప్రభుత్వం వైఫల్య రహిత సంవత్సరంగా ప్రకటించింది. సర్కారు గ్రాంటుతో నడిచే ఏ శిక్షణ సంస్థలోనైనా సరే, నూటికి తొంభై మందికి తక్కువ పాసవడానికి వీల్లేదని ఉత్తర్వు వచ్చింది. వచ్చిన కొద్ది నెలల్లోనే రాష్ట్రం కళకళలాడిపోయింది. సూదిలో దారం ఎక్కించలేనివాళ్లు కుట్టుపనిలో పట్టాలు పుచ్చుకున్నారు. పోలీసు కుక్కలన్నీ వాసన పరీక్షలో మొదటి శ్రేణిలో నెగ్గాయి. వెతకాల్సిన మాంసం ముక్కను వాటి ముందే పెట్టారని గిట్టనివాళ్లు అన్నారుగానీ, గిట్టనివాళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి అంటారు. జిల్లా ఈత శిక్షణ కేంద్రంలో నూటికి నూరు మందీ ఉత్తీర్ణులయ్యారు. మర్నాడే ముందుజాగ్రత్తగా కొలనులో నీళ్లు తీసేయించారు.

ఇవన్నీ పేపర్లో చదివి నవ్వుకున్నవాళ్లలో డాక్టర్ వకుళ ఒకరు. నవ్విన నాపచేను తన పెరట్లోనే పండుతుందని ఆవిడ అప్పుడు అనుకోలేదు.

సముద్రం ఒడ్డున కొండ మీద ఉన్న జీవకణ పరిశోధన సంస్థలో ఆవిడ ఉద్యోగం. మూలకణాల నుంచి థైమస్ అనే గ్రంథిని గాజుపళ్లెంలో పెంచడం ఆవిడ పని. ఎదురొమ్ము ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన, పసిపిల్లలకి ఒక మెత్తటి కండ ఉంటుంది. అదే థైమస్. రక్తంలో కాపలా తిరిగే కణాలు ఎముకల్లోని మూలగలో పుట్టి, చదువుకోవడానికి ఈ కండలోకి వస్తాయి. చదువంతా కలిపి ఒకటే పాఠం. మనవాళ్లెవరు, పైవాళ్లెవరు? పైవాణ్ణి గుర్తుపట్టలేని కణం పనికిరాదు. మనవాళ్ల మీదికే కత్తి దూసే కణం అసలు పనికిరాదు. ఆ రెండు రకాల్నీ కండ అక్కడికక్కడే చంపేస్తుంది. వందలో మూడో నాలుగో బతికి బయటపడతాయి. మనం జలుబు చేసినా లేచి తిరుగుతున్నామంటే ఆ మూడూ నాలుగూ చేసే కాపలా వల్లే.

తన్మయి ఆ కండ లేకుండానే పుట్టింది. ఇంకా ఏడాది నిండని పిల్ల. సంస్థకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో, గాలిని కూడా వడపోసి పంపే గాజుగదిలో ఉంటోంది. ఆ పిల్ల తల్లి పైడమ్మది కొండల దగ్గర జీడితోటల పల్లె. లోపలికి వెళ్లినప్పుడల్లా మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని, నోటికి గుడ్డ, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకోవాలి. అంచేత తల్లంటే ఆ పిల్లకి రెండు కళ్లూ ఒక తెల్లగుడ్డాను. సమయం అయిపోయి పైడమ్మ బయటికి వచ్చేస్తే పిల్ల ఏడ్చేది. గాజు దాటి ఏడుపు వినపడదు. తెరుచుకున్న నోరు మాత్రం కనపడేది. వకుళ ఆ ఆసుపత్రిలో చాలామంది తమవాళ్ల దగ్గర సెలవు తీసుకోవడం చూసిన మనిషి. అయినా ఆ చప్పుడు లేని ఏడుపు దగ్గర ఆవిడ ఒక్క నిమిషం నిలబడలేకపోయేది.

ఇన్నాళ్లకి గాజుపళ్లెంలో బొటనవేలి గోరంత కండ తయారైంది. పిల్ల మూలగలోంచి తీసిన కణాలు కొన్ని అందులో వేసి చూశారు. వందలో తొంభైయేడు చచ్చాయి. మూడు బతికాయి. వకుళ కళ్లు చెమ్మగిల్లాయి. అంత కచ్చితంగా చంపే కండని ఆవిడ అంతకుముందెప్పుడూ పెంచలేకపోయింది. ఇక దాన్ని పిల్ల తొడకండరంలో అమర్చడమే తరువాయి. నెల తిరిగేలోగా అమర్చకపోతే పళ్లెంలోనే నీరుగారిపోతుంది.

సంస్థ డైరెక్టరు డాక్టర్ గరుడాద్రికి ఉపమానాలంటే మోజు. ఆయన సంతోషం పట్టలేక ఒక రంగుల కరపత్రం వేయించి అన్ని కార్యాలయాలకీ పంపించాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 'రక్తకణాల బడి: మన సంస్థలో!' అని ఉంది.

అది శిక్షణ ఫలితాల పర్యవేక్షణ మండలికి కూడా చేరింది. మండలి కార్యదర్శి తాండవకృష్ణ దాన్ని రెండుసార్లు చదివి, ఇది ఎవరి గుర్తింపుతో నడుస్తున్న బడి అని అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయారు. మూడో రోజున కారేసుకుని కొండెక్కాడు.

బడి చూపించమన్నాడు. వకుళ పళ్లెం చూపించింది. ఆయన వంగి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగి చూశాడు. ప్రహరీగోడ ఉందా అని అడిగాడు. పళ్లేనికి అంచు ఉందని వకుళ చెప్పింది. ఉన్నట్టు రాసుకున్నాడు. ఆటస్థలం, తాగునీరు అయ్యాక బాలికలకు ప్రత్యేక మరుగుదొడ్ల సంగతి అడిగాడు. ఈ కణాల్లో ఆడామగా ఉండవని వకుళ చెబితే, సహవిద్య అని రాసుకున్నాడు.

"ఉత్తీర్ణతా శాతం?"

"మూడండి."

"తొంభై మూడా?"

"మూడే."

తాండవకృష్ణ కలం ఆగింది. "మరి తప్పినవాళ్లు?"

"చచ్చిపోతాయండి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు. ఆయన ముఖంలో నిజమైన దుఃఖమే కనపడింది. "ఇంత ఒత్తిడి పెడుతున్న సంస్థను నా సర్వీసులో చూడలేదమ్మా. వాళ్లకి ధైర్యం చెప్పడానికి ఒక్క మనిషినైనా వేశారా?" అన్నాడు.

ఆ వారంలోనే ఉత్తర్వు దిగింది. ఉత్తీర్ణతా శాతం నిర్దేశిత స్థాయికి చేరేవరకూ సదరు బడిని ఎక్కడికీ తరలించరాదు, ఎవరికీ అమర్చరాదు. ఫలితాల మెరుగుదల నిమిత్తం సంఘం వేయడమైనది. నిబంధనల ప్రకారం అందులో విద్యార్థుల తల్లిదండ్రుల ప్రతినిధి ఒకరు ఉండి తీరాలి.

కణాలకి తల్లిదండ్రులెవరన్న ప్రశ్న మీద ఒక పూట చర్చ జరిగింది. కణాలు పిల్ల మూలగలోంచి వచ్చాయి గనక తల్లి ఆ పిల్లేనని ఒక వాదం. పిల్ల మైనరు గనక పిల్ల తల్లే సంరక్షకురాలని గరుడాద్రి తీర్పు చెప్పాడు. ఆ విధంగా జీడిపిక్కలు ఒలిచి ఒలిచి వేళ్లు నల్లబడ్డ పైడమ్మ, మెత్తటి కుర్చీ అంచున, సంఘం సభ్యురాలిగా కూర్చుంది.

సమావేశంలో చాలా సూచనలు వచ్చాయి. తప్పిన కణాలకి నెలలోపు సప్లిమెంటరీ పరీక్ష పెట్టాలన్నారు. అవి చచ్చిపోయాయని వకుళ గుర్తు చేసింది. గైర్హాజరుగా చూపించవచ్చన్నారు. పరీక్షలో చూచిరాతలు లేకుండా ఒక పళ్లెం కణాల్ని ఇంకో పళ్లెంలో పరీక్షించాలన్నారు. ఈ కండ రూపొందించిన ప్రశ్నలు పాఠ్యప్రణాళికలో ఉన్నాయో లేవో నిపుణుల చేత చూపించాలన్నారు. చివరికి గరుడాద్రి ఒక ఉపాయం చెప్పాడు. కణాలు చచ్చిపోకుండా ఆపే మందు ఒకటి ఉంది. అది రెండు చుక్కలు కలిపితే తప్పినవి కూడా చావవు. చావనివాటిని పాసైనట్టు లెక్కించడంలో శాస్త్రీయంగా ఇబ్బందేమీ లేదు. ఈ పద్ధతికి గ్రేసు మార్కుల విధానమని పేరు పెట్టవచ్చు.

వకుళ లేచి నిలబడింది. ఆవిడకి కంగారు వస్తే మాట ఇంగ్లీషులోకి వెళ్లిపోతుంది. అణువుల పేర్లూ, గ్రాహకాల పేర్లూ, ఎలకల మీద చేసిన ప్రయోగాల ఫలితాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తప్పవలసిన కణాలు పాసైతే పిల్ల శరీరం మీదే పడతాయన్నది దాని సారాంశం. తాండవకృష్ణ ఓపిగ్గా విన్నాడు.

"డాక్టరు గారూ, మీరు చెప్పేది పాసైన తర్వాత విద్యార్థి ప్రవర్తన గురించి. మండలి పరిధి పరీక్ష వరకే" అన్నాడు.

తర్వాత తల్లిదండ్రుల ప్రతినిధి అభిప్రాయం అడిగారు. పైడమ్మ కొంగు సర్దుకుంది.

"ఆళ్లందరూ పాసైపోతే మా గుంటకి బేగి ఎట్టీసి, నా సేతికి ఇచ్చెత్తారా బావూ?"

"తక్షణమే ఇస్తామమ్మా."

"అలాగైతే పాస్ సేసియండి. ఆళ్లు మాత్రం ఒక తల్లి బిడ్డలు కారేటి, పాపం."

ఏకగ్రీవం అని రాసుకున్నారు. పైడమ్మ వేలిముద్ర వేసింది. ఆవిడకి వేడి వేడి సమోసా ఇచ్చారు.

బయట వరండాలో వకుళ ఆవిడని పట్టుకుంది. ఈసారి తెలుగులో చెప్పింది. కంచే చేను మేసినట్టవుతుంది పైడమ్మా అంది. ఆ పాసైనవాటిలో ఎన్నిటికో నీ పిల్లే పైవాడిలా కనిపిస్తుంది. దాని పేగుల్నీ కాలేయాన్నీ ఒంటిమీది చర్మాన్నీ తినేస్తాయి. ఆపడానికి మా దగ్గర మందు లేదు.

పైడమ్మ చేతిలో సమోసా అలాగే ఉండిపోయింది. "మరి ఆ మాట లోపల సెప్పలేదేటమ్మా?"

"చెప్పాను."

"మీరు మీలో మీరే మాటాడుకున్నారు. నాకు తెలిసింది ఆ బావు మాటొక్కటే." పైడమ్మ వేలికి అంటిన సిరా చూసుకుంది. "ఏలుముద్ర ఏసీసినాను గదా. నా గుంటని నానే సంపుకుంతానేటి?"

ఇద్దరూ గాజుగది దాకా నడిచారు. ఆవేళ పిల్ల నిద్రపోతోంది.

రెండో పళ్లెంలో మరో కండముక్కకి గ్రేసు మార్కులు కలిపారు. ఫలితం నూటికి నూరు. దానికి ఆదర్శ పళ్లెం అని పేరు పెట్టారు. పెద్ద సభ జరిగింది. పళ్లెం ఉన్న వెచ్చటి పెట్టెకి శాలువా కప్పారు. శాలువా గాలిరంధ్రాలకి అడ్డం పడి పెట్టె కూతపెడితే, అది కూడా హర్షధ్వానాల్లో కలిసిపోయింది. సంస్థ గోడ మీద పెద్ద బోర్డు కట్టారు. ఒకటో ర్యాంకు నుంచి పదో ర్యాంకు దాకా కణాల ఫొటోలు వేయాలన్నారు. ఏ కణానికి ఏ ర్యాంకో ఎవరికీ తెలియదు, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. అంచేత ఒకే ఫొటో పదిసార్లు వేశారు. దారిన పోయేవాళ్లు నిలబడి చూసి, రెండో ర్యాంకు పిల్లవాడి ముఖంలో కళ ఉందని మెచ్చుకున్నారు.

ఆదర్శ పళ్లాన్ని తన్మయికి అమర్చే ముహూర్తం వచ్చే శుక్రవారానికి పెట్టారు. రిబ్బను కత్తిరించడానికి తాండవకృష్ణ వస్తాడు. మొదటి పళ్లెం బడికి గుర్తింపు నిరాకరించి, మూసివేతకు ఆదేశించారు.

వకుళ డైరెక్టరు గది చుట్టూ తిరిగింది. ఆయన ఆవిడ భుజం తట్టి, వకుళా, నీది పాతకాలం మాస్టర్ల పట్టుదల, పిల్లల్ని కొట్టి చదివించే రోజులు పోయాయి అన్నాడు. సర్జన్ దగ్గరికి వెళ్లింది. ఆయన మంచివాడు, భయస్థుడు. కాగితం లేకుండా కత్తి పట్టుకోనన్నాడు. కాగితం తెస్తే ఈ క్షణమే పట్టుకుంటానన్నాడు.

కాగితం కావాలంటే కాగితాల వాళ్ల భాషే మాట్లాడాలి. సమావేశంలో ఇంగ్లీషు పనికిరాలేదు, డైరెక్టరు దగ్గర తెలుగు పనికిరాలేదు. ఆవిడ మండలి వాళ్ల నిబంధనల పుస్తకం తెచ్చుకుని మొదటినుంచీ చదివింది. పిల్లల్లేక మూతపడ్డ బడులు పల్లెపల్లెకీ ఉన్నాయి. ఆ భవనాలు పాడుపడకుండా దగ్గర్లో అవసరమున్నవాళ్లకి అప్పగించాలని నిబంధన ఉంది. అలాగే ఎన్ని బడులో రేషను డిపోలయ్యాయి, పాల కేంద్రాలయ్యాయి. వకుళ సొంతూళ్లో ఆవిడ చదివిన బడి ఇప్పుడు ఎరువుల గోడౌను.

తాండవకృష్ణ దగ్గరికి తనే వెళ్లింది. మూతపడిన బడి తాలూకు భవనాన్ని సమీపంలోని ఒక బాలికకు అప్పగించడానికి అనుమతి కోరింది. ఆయన ముఖం విప్పారింది. ఆ ఏడాది అప్పగింతల లక్ష్యం ఇంకా పూర్తి కాలేదు.

"ఎన్ని గదులు?"

"ఒకటేనండి."

"భవనం ఖాళీయేనా? లోపల విద్యార్థులెవరూ లేరు కదా?"

"లేరండి. పరీక్ష రాసినవాళ్లందర్నీ కడిగేశాం."

"లబ్ధిదారు ఆడపిల్లా? శుభం" అని సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర వేశాడు. దానిమీద గరుడాద్రి ప్రతిసంతకం కావాలి. మూసేసిన దాన్నుంచి కూడా మంచి పేరు వస్తుందని ఆయన అనుకోలేదు. ఆయన పెట్టిన సంతకం మరీ పెద్దది.

బుధవారం పొద్దున్న, గోరంత భవనాన్ని సర్జన్ తన్మయి తొడకండరంలో పెట్టి అప్పగించాడు. రిబ్బను లేదు గనక ఎవరూ రాలేదు. పైడమ్మ గాజు అవతల నిలబడి నుదురు దానికి ఆనించి ఉంది. అంతా అయ్యాక గాజు మీద ఆవిడ ఊపిరి మచ్చ మిగిలింది.

శుక్రవారం సభ మొదలయ్యాక సర్జన్ కాగితం చూపించాడు. లబ్ధిదారు ఇప్పటికే ఒక బడి భవనాన్ని స్వీకరించింది. ఒకే పిల్లకి రెండు బడులు చెల్లవని మండలి నిబంధనల పుస్తకంలోనే ఉత్తర్వు ఉంది, తమరు జారీచేసిందే. తాండవకృష్ణ ఆ ఉత్తర్వు తెప్పించుకుని చూశాడు. చెల్లవు. తన ఉత్తర్వుని తను మీరడం కంటే ఆయన ఉద్యోగం మానుకోవడానికైనా సిద్ధపడే రకం. గరుడాద్రి ముఖం ఎర్రబడింది. కానీ శాలువాలు కొనేశారు, మైకువాడు వచ్చేశాడు. రిబ్బను కత్తిరించి, ఆదర్శ పళ్లాన్ని అద్దాల పెట్టెలో సందర్శకుల కోసం పెట్టారు.

పదిరోజులు తిరక్కుండా అద్దాల పెట్టెలో పళ్లెం మాత్రమే మిగిలింది. నూటికి నూరు మార్కులతో పాసైన కణాలు పట్టా పుచ్చుకున్నాక చేసిన మొదటి పని, తమకి చదువు చెప్పిన కండని తినేయడం. తిన్నాక మరేం లేక అవీ పోయాయి. గరుడాద్రి మండలికి నివేదిక పంపాడు. విద్యార్థులందరూ బడి నుంచి సంపూర్ణంగా ప్రయోజనం పొందినందున, బడి అవసరం తీరిపోయినదని తెలియజేయడమైనది. మండలి అభినందించింది.

తన్మయి రక్తంలో కొత్త కాపలా కణాలు కనిపించడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ వకుళ ఎన్ని మొక్కులు మొక్కుకుందో చెబితే ఆవిడ చదువుకే అప్రతిష్ఠ. మొదట ఒకటీ అరా కనిపించాయి. తర్వాత పదులు. తర్వాత లెక్కపెట్టే యంత్రం తనంతట తనే లెక్కపెట్టుకునేటన్ని. గాజుగది తలుపు తీసి, ఇక తొడుగులు అక్కర్లేదని పైడమ్మతో చెప్పారు. ఆవిడ చెయ్యి చాపింది. చాపిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. వెనక్కి తిరిగి కుళాయి దగ్గరికి వెళ్లి, మోచేతుల దాకా మళ్లీ కడుక్కుని వచ్చింది. వచ్చి మళ్లీ ఆగింది. చివరికి పిల్లే ముందుకు పడి ఆవిడ ముక్కు పట్టుకుంది. రెండు కళ్ల కింద ముక్కు ఒకటి ఉంటుందని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది.

ఊరెళ్లిన నెల్లాళ్లకి పైడమ్మ పిల్లని చంకనేసుకుని, చెమటలు కక్కుకుంటూ వకుళ గదిలోకి వచ్చింది. చేతిలో గుండ్రటి ముద్రవేసిన కాగితం. ఏటి రాసినారో సదివి సెప్పమ్మా, మా గుంటని మళ్లీ గాజు గదిలో ఎట్టెత్తారేటి అని అడిగింది.

వకుళ చదివింది. అది తన్మయి పేరునే వచ్చింది. మీకు అప్పగించిన ఖాళీ భవనంలో మీరు మండలి అనుమతి లేకుండా బడి నడుపుతున్నట్టు ఆసుపత్రి నివేదికల ద్వారా తెలియవచ్చినది. సదరు బడిలో నూటికి తొంభైయేడు మంది నేటికీ తప్పుచున్నారు. సదరు బడి ప్రధానోపాధ్యాయురాలిగా మీపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను. ఇవ్వనిచో భవనము వెనుకకు తీసుకొనబడును.

"ఎనక్కి తీసుకుంతారా?" పైడమ్మ చెయ్యి పిల్ల తొడ మీదికి పోయింది.

తీసుకోలేరని వకుళ చెప్పింది. ఆ కండ ఇప్పుడు పిల్ల ఒంట్లో కలిసిపోయింది, ఏది బడో ఏది పిల్లో తాండవకృష్ణ తాతలు దిగివచ్చినా విడదీయలేరు. తొంభైయేడు తప్పడం సంగతి మరి అని పైడమ్మ భయం భయంగా అడిగింది. దేవుడి దయవల్ల రోజూ తప్పుతూనే ఉంటాయి, నువ్వు హాయిగా ఉండు అంది వకుళ. సంజాయిషీ ఎలా రాయాలా అని కాగితం బల్లమీద పెట్టి కలం కోసం సొరుగు లాగింది.

తిరిగి చూసేసరికి కాగితం ప్రధానోపాధ్యాయురాలి నోట్లో ఉంది.

ఎన్ని బల్లల మీద పడి, ఎంతమంది గుమాస్తాల తడివేళ్లు తగిలి, ఏ బస్సులో ఏ సంచిలో నలిగి వచ్చిన కాగితమో. గాజుగదిలో ఉన్న రోజుల్లో అయితే అందులో సగం చాలు ఆ పిల్ల ప్రాణం తీయడానికి. పైడమ్మ కెవ్వుమనబోయి చెయ్యి చాపింది. వకుళ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ" అంది.

తన్మయి గుండ్రటి ముద్రని నమిలి, ముఖం చిట్లించి, మింగేసింది.

ఆ రాత్రి పిల్లకి ముక్కు కారింది. మర్నాడు కాస్త ఒళ్లు వెచ్చబడింది. ఇద్దరాడవాళ్లూ మంచం చెరోవైపునా కూర్చుని, చెయ్యి మార్చి చెయ్యి నుదుటి మీద వేసి చూస్తూ ఉన్నారు. ఆ మర్నాడు పిల్ల లేచి, గంజి కావాలని పేచీ పెట్టింది.

ఏడు రోజుల గడువు అలా గడిచిపోయింది.